గుండె వైద్యం: అఫ్జల్‌గంజ్ నేర్పిన పాఠం



మన తెలుగు మాటల్లో గుండెకున్నంత పని మరే అవయవానికీ లేదేమో! ధైర్యం ఉంటే గుండె నిబ్బరం అంటాం. దుఃఖం వస్తే గుండె చెరువైందంటాం. కష్టాన్ని ఓర్చుకోవాలంటే గుండె రాయి చేసుకోమంటాం. జంకూ గొంకూ లేకుండా ఎదుటివాణ్ణి ముంచేవాణ్ణి గుండెలు తీసిన బంటు అంటాం. ఇన్ని మాటలు నేర్చిన మనం, ఇంట్లో ఎవరి గుండెకైనా నిజంగా జబ్బు చేసిందంటే నోట మాట రాక నిలబడిపోతాం. డాక్టరుగారు ఏమంటే అదే వేదం. ఒక్కొక్కసారి డాక్టరు కానివాళ్లు ఏమన్నా కూడా అదే వేదం!

ఇవాళ నేను మాట్లాడబోయేది మూలకణాల చికిత్స గురించి. స్టెమ్ సెల్స్ అని పేపర్లలో చూస్తూంటారే, అవే. మా గౌలిపురా వీధిలో ఒకావిడ ఆ మధ్య మధ్యాహ్నం పూట వచ్చి కూర్చుంది. "వదినా, మీ అన్నయ్యగారి గుండె పంపింగు ముప్పై శాతమే ఉందట. మందులు వాడుతూనే ఉన్నాం. ఒకచోట మూలకణాలు ఎక్కిస్తారట, చచ్చిన కండ మళ్లీ మొలుస్తుందట. లక్షల్లో ఖర్చు. గాజులు అమ్మేద్దామా అనుకుంటున్నాను. మీరు రేడియోలో మాట్లాడేవారు, నాలుగూ చదువుతారు. ఏమంటారు?" అన్నది.

ఏమని జవాబు చెప్పను? నేను మెట్రిక్యులేషను దాకా చదివి ఇల్లు దిద్దుకుంటున్నదాన్ని. వైద్యురాలిని కాను. కానీ పాత సంగతులు చదవడమంటే ఇష్టం. చదువుతూ ఉంటే తెలిసిందేమిటంటే, గుండె విషయంలో ఒక మాటను నమ్మవచ్చా, నమ్మే ముందు దాన్ని ఎలా పరీక్షించాలి అన్న ప్రశ్న మన పాత హైదరాబాదుకు కొత్త కాదు. 1888, 1889 సంవత్సరాల్లో సరిగ్గా ఈ ప్రశ్న మీదనే దేశదేశాల డాక్టర్లు మన ఊరి వైపు చూశారు. ముందు ఆ కథ చెబుతాను. తర్వాత మూలకణాల దగ్గరికి వద్దాం. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే దారి కాస్త కనిపిస్తుంది.

మూసీ ఒడ్డున పెద్ద పరీక్ష

చార్మినారు నుంచి మదీనా మీదుగా వచ్చి నయాపూల్ దాటితే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. మన పాతబస్తీ వాళ్లలో ఏదో ఒక రోజు ఆ గేటు దాటనివారు తక్కువ. ఆ గుమ్మటాల భవనం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో లేచింది. అంతకు ముందు అక్కడ 1866 నాటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దాన్ని పొట్టన పెట్టుకున్నది. ఆ ఆస్పత్రికి తోడు హైదరాబాదు వైద్య పాఠశాల. అది 1846లోనే మొదలైంది. 1885లో ఎడ్వర్డ్ లారీ అనే దొర రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. ఆ బడికి కూడా ఆయనే పెద్ద.

ఆ రోజుల్లో ఆపరేషనుకు మత్తు అంటే ఎక్కువగా క్లోరోఫారమే. ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే కాన్పుల డాక్టరు 1847లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మత్తుమందులు రాకముందు రోగిని నలుగురు గట్టిగా పట్టుకుంటే ఒకరు కోసేవారు. ఆ కేకలు తలచుకోండి! అలాంటి లోకానికి క్లోరోఫారం దేవుడు పంపిన వరంలా కనిపించింది. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకే దాన్ని పీల్చింది. రాణి పీల్చాక ఇక అడ్డేముంది?

అయితే మొదటి నుంచీ ఒక భయం దాని వెంటే వచ్చింది. 1848 జనవరిలో ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి కూర్చున్నది. క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాల్లో ప్రాణం వదిలింది. కాలిగోరు కోసం ఒక నిండు ప్రాణం! తర్వాత కూడా అలాంటి చావులు అక్కడొకటి, ఇక్కడొకటి జరుగుతూనే వచ్చాయి.

ఎందువల్ల? లండను వైపు డాక్టర్లు, క్లోరోఫారం గుండెను ఆపేస్తుంది, నాడి మీద వేలు తీయకండి అన్నారు. ఎడిన్‌బరో వైపు వాళ్లు, కాదు కాదు, అది ముందు ఊపిరిని ఆపుతుంది, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే గుండెకేమీ భయం లేదు అన్నారు. మన లారీ దొర ఎడిన్‌బరోలో చదువుకున్నవాడు. అక్కడి సర్జను జేమ్స్ సైమ్‌కు శిష్యుడు. గురువు చెప్పిన పద్ధతిలోనే మన ఊళ్లో వేలమందికి మత్తు ఇప్పించినవాడు. గుండెకు భయం లేదన్నది ఆయనకు ప్రాణంతో సమానమైన నమ్మకం.

1888లో హైదరాబాదు క్లోరోఫారం కమిషను అని ఒకటి ఏర్పడింది. ఖర్చు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వానిది. కుక్కల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, గుండె తర్వాతనే ఆగుతుంది అని తేల్చింది. లండనులో లాన్సెట్ అని గొప్ప వైద్యపత్రిక ఉంది. ఆ పత్రికవారు నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభువు వెయ్యి పౌన్లు ఇచ్చి, మీకు నచ్చిన మనిషిని మీరే పంపండి, వచ్చి కళ్లారా చూసుకోనివ్వండి అన్నట్లు చేశారు. చూశారా పట్టుదల! లాన్సెట్ వారు థామస్ లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన వైద్యుణ్ణి ఓడ ఎక్కించారు. 1889 చివరలో ఆయన చేరాక రెండో కమిషను కూర్చున్నది. నాలుగు వందలకు పైగా మూగజీవాలు, కుక్కలూ కోతులూ, ఆ పరీక్షల్లో పోయాయి. తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

వచ్చేటప్పుడు బ్రంటన్‌గారికి గుండె విషయం అనుమానమే. చూసిన తర్వాత ఆయన కూడా లారీ మాటే సరి అన్నారు. 1890లో ఆ నివేదిక లాన్సెట్‌లోనే అచ్చయింది. హైదరాబాదు పేరు వైద్యలోకమంతా మోగిపోయింది.

ఇక్కడ మనం ఆడవాళ్లం గర్వంగా చెప్పుకోవలసిన పేరు ఒకటి ఉన్నది. రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్శీల ఆడపడుచు. 1885లో ఈ వైద్య పాఠశాలలో చేరి, సరిగ్గా ఈ కమిషన్ల కాలంలో చదువుకుని 1889లో పట్టా పుచ్చుకున్నారు. మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడే అని చరిత్రకారులు రాస్తున్నారు. 1909లో ఎడిన్‌బరో దాకా వెళ్లి ఇంకా చదువుకుని వచ్చారు. ఘోషా స్త్రీలు మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికే జంకే రోజుల్లో అన్నమాట ఇదంతా.

కథ ఇక్కడితో ఆగితే ఇక చెప్పవలసింది లేదు. కానీ చావులు ఆగలేదు! కమిషను చెప్పినట్లు ఊపిరిని కనిపెట్టుకుని ఉన్నా, ఉన్నట్టుండి కొందరి గుండె ఆగిపోతూనే ఉన్నది. చివరికి 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లీవీ అనే డాక్టరు పిల్లుల మీద పరీక్షలు చేసి అసలు గుట్టు పట్టుకున్నాడు. ప్రమాదం మత్తు ఎక్కువైనప్పుడే కాదు, సగం సగం మత్తులో కూడా ఉన్నది. భయపడినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉండగా ఆ రసం తగిలితే, గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలు పెడుతుంది. వణికే గుండె నెత్తురు తోయలేదు. క్షణాల్లో మనిషి పోతాడు. అంటే లండను వాళ్ల అనుమానమే నిజమైంది. గుండెకు భయం ఉన్నది.

మరి అంత డబ్బు, అంతమంది పెద్దలు, అన్ని పరీక్షలు ఏమైనట్లు? ఇప్పుడు చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి.

ఒకటి, పరీక్షకు నిలబడిన మాట ఎవరిదో, రెండో కమిషనుకు అధ్యక్షుడూ ఆయనే. వంట చేసినామే పందెంలో తీర్పరి అయితే ఎలా ఉంటుంది? ఆయన అబద్ధం ఆడలేదు. మనసులో నిజాయితీ ఉన్నా, కన్ను తను చూడదలచిందే చూస్తుంది.

రెండోది, అడిగిన ప్రశ్న వేరు, అడగవలసిన ప్రశ్న వేరు. మత్తు ఎక్కించుకుంటూ పోతే ముందు ఏది ఆగుతుంది అని చూశారు. బెదిరిన మనిషి సగం మత్తులో ఎందుకు పోతున్నాడు అన్నది ఆ పరీక్షకు చిక్కలేదు.

మూడోది, లెక్క పెద్దదైనంత మాత్రాన నిజం కాదు. సొట్టపోయిన మానికతో నాలుగు వందలసార్లు కొలిచినా బియ్యం లెక్క తప్పే వస్తుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఊపిరిని కనిపెట్టుకుని ఉండమన్న సలహా మంచిదే. దానివల్ల కొందరు బతికే ఉంటారు. సగం నిజం కాబట్టే అది అన్నాళ్లు నిలిచింది. ఈ మూడు సంగతులూ కొంగున ముడి వేసుకోండి. ఇక మన కాలానికి వద్దాం.

చచ్చిన కండ మొలుస్తుందా?

చర్మం గీసుకుపోతే మళ్లీ వస్తుంది. కాలేయంలో ముక్క కోసేసినా పెరుగుతుంది. గుండె కండ అలాంటిది కాదు. గుండెపోటు అంటే గుండెకు నెత్తురు అందించే నాళం పూడుకుపోయి, దాని మీద ఆధారపడిన కండ చచ్చిపోవడం. పెద్ద పోటులో వంద కోట్ల దాకా కండకణాలు పోతాయని అంచనా. పోయినచోట కొత్త కండ రాదు, మచ్చ కడుతుంది. మచ్చ ముడుచుకోలేదు, నెత్తురు తోయలేదు. అందుకే పంపింగు తగ్గి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్లవాపు. స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో ఒక లెక్క తేల్చారు. ఇరవై అయిదేళ్ల వయసులో గుండె కండకణాల్లో ఏడాదికి నూటికి ఒకటి చొప్పున కొత్తవి పుడతాయి. డెబ్బై అయిదేళ్లు వచ్చేసరికి అందులో సగం కూడా పుట్టవు.

మూలకణం అంటే పెరుగు తోడు లాంటిదనుకోండి. తను పెరుగుతుంది, తనవంటి దాన్ని తయారుచేస్తుంది. మన ఎముకల లోపల మూలుగ ఉంటుంది కదా, అందులోని మూలకణాలు రోజూ కొత్త నెత్తురు తయారుచేస్తాయి. నెత్తురు జబ్బులకు మూలుగ మార్పిడి చేయడం బాగా రుజువైన వైద్యం. అందుకు దారి వేసిన డొనాల్ థామస్ అనే అమెరికా డాక్టరుకు 1990లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. అది పుకారు కాదు, ప్రాణాలు నిలుపుతున్న విద్య.

ఇక్కడి నుంచి ఒక ఆశ పుట్టింది. నెత్తురు తయారుచేసే ఆ తోడు గుండెలో వేస్తే గుండె కండ తయారు కాదా? 2001లో అమెరికాలో పియరో అన్‌వెర్సా అనే శాస్త్రజ్ఞుడి బృందం నేచర్ పత్రికలో ఒక వ్యాసం వేసింది. గుండెపోటు తెప్పించిన ఎలుకల్లో మూలుగ కణాలు వేస్తే, చచ్చిన చోట చాలాభాగం కొత్త కండ వచ్చిందన్నారు. లోకం ఉలిక్కిపడింది. ఆ సంవత్సరమే జర్మనీలో డుసెల్‌డార్ఫ్‌లో ఒక గుండెపోటు రోగికి ఆయన మూలుగ కణాలే గుండెనాళంలోకి ఎక్కించారు. ఎలుకల పరీక్షా, మనుషుల పరీక్షా ఒకే ఏడాదిలో!

మన దేశమూ వెనకబడలేదు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్‌గారి ఆధ్వర్యంలో గుండె రోగులకు మూలకణాలు ఎక్కించి చూశారు. 2005లో పేపర్లలో అది పెద్ద వార్త. వేణుగోపాల్‌గారు రాజమండ్రిలో పుట్టిన మనవారు. 1994 ఆగస్టు 3న మన దేశంలో మొదటిసారి గుండె మార్పిడి చేసి నెగ్గిన చెయ్యి ఆయనది. అంతటివారు చేపట్టారంటే జనానికి ఆశ కలగదూ?

కానీ 2004లోనే అమెరికాలో వేరే రెండు బృందాలు అవే ఎలుకల పరీక్షలు మళ్లీ చేసి చూశాయి. ఆ కణాలు గుండె కండగా మారనేలేదు. తోడు పాలల్లో వేస్తే పెరుగవుతుంది, నూనెలో వేస్తే అవుతుందా? మూలుగ కణం గుండెలో పడినా నెత్తురు జాతి కణంగానే ఉండిపోయింది. ఇది కూడా నేచర్‌లోనే అచ్చయింది. అయినా అప్పటికే బండి బయలుదేరింది, ఆగలేదు.

ఇద్దరు రోగులు, ఒకే సూది

మనుషుల మీద ఏం తేలింది? ఇక్కడ కాస్త నింపాదిగా వినండి. ఈ మాట ఒక్కటి అర్థమైతే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

2006లో జర్మనీ, స్విట్జర్లాండు డాక్టర్లు 204 మంది గుండెపోటు రోగులను తీసుకున్నారు. చీటీలు వేసినట్లు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూలుగ కణాలు. రెండో జట్టుకు కణాలు లేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది పడిందో రోగికి తెలియదు. నాలుగు నెలలకు పంపింగు కొలిచారు. కణాలు పడ్డవారికి సుమారు అయిదున్నర శాతం పెరిగింది. ఉత్త ద్రవం పడ్డవారికి? మూడు శాతం పెరిగింది!

ఏమీ ఎక్కించనివారికి ఎందుకు పెరిగింది? నాళం తెరిచి మామూలు మందులు సరిగా వాడితే, కొంతకాలానికి గుండె తనంతట తాను కొంత తేరుకుంటుంది. కాబట్టి ఎవరైనా వచ్చి, మా బావగారికి ఎక్కించారు, పంపింగు పెరిగింది అని చెబితే, అది అబద్ధం కాకపోవచ్చు. కానీ అది సూది మహిమో, రోజూ మింగే మాత్రల మహిమో ఒక్క మనిషిని చూసి చెప్పలేం. రెండు జట్లు ఉంటేనే తెలుస్తుంది. అదే నెలలో, అదే పత్రికలో, నార్వే డాక్టర్లు వందమందిని చూసి లాభమేమీ కనిపించలేదని రాశారు.

ఆ మిగిలిన రెండున్నర శాతం తేడా అయినా నిలిచిందా? 2014లో ఇంగ్లండులో కొందరు ఓపికగా ఇలాంటి 49 పరీక్షల నివేదికలన్నీ ముందు వేసుకుని, లెక్కలు పొసగని చోట్లు వెతికారు. ఒకచోట రాసిన సంఖ్య ఇంకోచోట మారిపోవడం లాంటివి. అలాంటివి 604 దొరికాయి. అసలు విచిత్రం ఇది: తప్పులు ఎక్కువ ఉన్న నివేదికల్లో లాభం ఎక్కువ కనిపించింది. ఒక్క తప్పూ లేని నివేదికల్లో సగటున లాభమే లేదు. పద్దుల పుస్తకం రాసే ఇల్లాలికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు కదా!

ఇక అన్‌వెర్సాగారి కథ. ఆయన బోస్టన్‌కు మారి, గుండెలోనే మూలకణాలు ఉన్నాయని ఇంకా ఎన్నో వ్యాసాలు రాశారు. 2017లో ఆయన పనిచేసిన ఆస్పత్రి, తప్పుడు లెక్కలతో పరిశోధన డబ్బు తీసుకున్నారన్న ఆరోపణ మీద అమెరికా ప్రభుత్వానికి కోటి డాలర్లు చెల్లించి పరిష్కారం చేసుకున్నది. 2018లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమూ ఆ ఆస్పత్రీ కలిసి, ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన 31 వ్యాసాలు వెనక్కి తీసుకోవాలని పత్రికలకు చెప్పాయి. మన లారీ దొర నమ్మి పొరబడ్డాడు. ఇక్కడ లెక్కలే అనుమానంలో పడ్డాయి. రెండింటి మధ్యా నడిచి నష్టపోయినవారు మాత్రం రోగులే.

2019లో ఇంకొక వింత బయటపడింది. అమెరికాలో ఎలుకల గుండెలో బతికిన కణాలు ఒకసారి, చచ్చిన కణాలు ఒకసారి వేసి చూశారు. చచ్చినవాటితోనూ అంతే మేలు కనిపించింది! సూది గుచ్చినచోట ఒళ్లు తనే మరమ్మతు పనివాళ్లను పంపుతుంది, ఆ కాస్త మేలు వాళ్ల చలవే అన్నారు. యూరపులో మూడు వేలమందితో ఒక పెద్ద పరీక్ష తలపెట్టి 375 మందినే చేర్చుకోగలిగారు. 2020లో వచ్చిన దాని ఫలితంలో కణాలు ఎక్కించినవారు ఎక్కువమంది బతికారని రుజువు దొరకలేదు.

అయితే మూలకణాలన్నీ బూటకమా?

కాదు, కాదు. అలా అనుకుంటే అది ఇంకో పొరపాటు. నెత్తురు జబ్బుల సంగతి ముందే చెప్పాను. మన నగరంలోనే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 2001 నుంచీ కంటి మూలకణాలతో వైద్యం చేస్తున్నారు. కంట్లో సున్నమో యాసిడో పడి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు మాడిపోతే, మంచి కంటి నుంచి చిటికెడు తీసి, పెంచి, పాడైన కంటికి అతికిస్తారు. 2011లో 200 మంది రోగుల ఫలితాలు అచ్చు వేశారు. నూటికి డెబ్బై మందికి పైగా కన్ను నిలదొక్కుకున్నది. కంటి కణాన్ని కంటికే పెట్టారు, ఏళ్ల తరబడి చూశారు, కుదరనివారిని కూడా లెక్కలో చూపించారు. అదీ పద్ధతి.

మన పాతబస్తీలో కంచన్‌బాగ్‌లోని డెక్కన్ వైద్య కళాశాల కాలేయ పరిశోధన కేంద్రంవారు కూడా కణ చికిత్సలో పనిచేసినవారే. గర్భిణికి కాలేయం హఠాత్తుగా చెడిపోయే ఒక ప్రమాదకరమైన జబ్బులో కాలేయ కణాలు ఎక్కించగా ఆమె కోలుకున్నదని 2004లో రాశారు. అది ఒక్క రోగి సంగతి అని వాళ్లే స్పష్టంగా చెప్పుకున్నారు. ఒకరి సంగతి ఆశకు విత్తనం, పంట కాదు.

గుండెకు కూడా తలుపులు మూసుకుపోలేదు. జపానులో షిన్యా యమనాక మామూలు చర్మకణాన్ని వెనక్కి నడిపించి మూలకణంగా మార్చే విద్య 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల కణాల్లో సాధించారు. 2012లో నోబెల్ వచ్చింది. అలాంటి కణాలతో గుండె కండను బయట పెంచి, పల్చటి పొరలా గుండెకు అతికించే ప్రయత్నాన్ని 2020 జనవరిలో ఒసాకాలో మొదలుపెట్టారు. జర్మనీలో గొట్టింగెన్ వారు కోతుల మీద, ఒక మనిషి మీద చేసి చూసింది 2025 జనవరిలో అచ్చయింది. ఇది మూలుగ సూది కథ కాదు, నిజమైన గుండె కండ. దీనికి వేరే చిక్కులున్నాయి. కొత్త కండ పాత కండతో తాళం కలపకపోతే గుండె లయ తప్పుతుంది. కాబట్టి వాళ్లు కొద్దిమందితో, జాగ్రత్తగా అడుగులు వేస్తున్నారు.

అడగవలసిన నాలుగు మాటలు

మన దేశంలో భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏమంటాయంటే: మూలకణాలను మామూలు వైద్యంగా ఇవ్వవలసింది కొన్ని నెత్తురు సంబంధమైన జబ్బులకు మాత్రమే. గుండెతో సహా తక్కినవన్నీ పరీక్ష దశలోనివే. అనుమతి పొందిన పరీక్షలో భాగంగా తప్ప ఇవ్వకూడదు. పరీక్షలో చేరిన రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు.

ఈ చివరి మాట మళ్లీ చదవండి. పరీక్ష అయితే డబ్బు అడగకూడదు. రుజువైన వైద్యమా అంటే, గుండెకు ఇంకా రుజువు కాలేదు. మరి లక్షలు దేనికి?

కాబట్టి ఎవరైనా ఈ మాట ఎత్తితే, అఫ్జల్‌గంజ్ పాఠాన్ని గుర్తు చేసుకుని నాలుగు మాటలు అడగండి. ఒకటి, ఇది మామూలు వైద్యమా, పరీక్షా? పరీక్ష అయితే ప్రభుత్వ రిజిస్ట్రీలో దాని నంబరెంత? ఇంట్లో పిల్లల చేత ఫోనులో ఆ రిజిస్ట్రీ చూపించుకోవచ్చు. రెండు, ఏ కణాలు, ఎక్కడి నుంచి తీస్తారు, అవి గుండె కండగా మారతాయని ఎవరు చూశారు? మూడు, ఎక్కించనివారి జట్టుతో పోల్చి చూశారా? నాలుగు, మంచిచెడ్డలు చెబుతున్నది ఎవరు, అమ్ముకునేవారా, సంబంధం లేనివారా? ఇంకొక గుండె డాక్టరుగారి దగ్గర కాగితాలన్నీ పెట్టి అడగడం అవిశ్వాసం కాదు. నిజాం ప్రభువు కూడా బయటి మనిషిని పిలిపించి చూపించారు కదా!

ఇంకొక హెచ్చరిక. కొత్త వైద్యం ఆశలో పడి చాలామంది పాత మందులు మానేస్తారు. అసలు ప్రమాదం అక్కడున్నది. బలహీనపడిన గుండెకు రుజువైన మందులు ఈనాడు ఎన్నో ఉన్నాయి. పంపింగు ముప్పై ఉన్నవారు కూడా వాటితో ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. వేళకు మాత్ర, కూరలో ఉప్పు తగ్గించడం, జర్దా, సిగరెట్టు మానేయడం, రోజూ బరువు చూసుకోవడం, కాళ్లవాపు వస్తే ఆలస్యం చేయకపోవడం. నాళాలకు స్టెంటు, బైపాసు అవసరమైతే ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో వాటికి చోటున్నది. ఇవి పేపర్లో పెద్ద అక్షరాలతో పడవు. ప్రాణం నిలిపేవి మాత్రం ఇవే.

లారీ దొర తప్పు దిద్దడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. మూలుగ కణాల ఆశను తూచి చూడటానికి కూడా దాదాపు అంతే పట్టింది. నిజం నింపాదిగా నడుస్తుంది. మనమేమో భయంలో ఉంటాం, భయంలో ఉన్న మనిషికి తొందర ఎక్కువ. ఆ తొందరనే కొందరు సొమ్ము చేసుకుంటారు. అందుకే గుండె నిబ్బరం రోగికన్నా ముందు ఇల్లాలికి కావాలి. నిబ్బరం అంటే ఏడవకుండా ఉండటం కాదు. ఏడుస్తూనే అయినా సరే, కళ్లు తుడుచుకుని నాలుగు ప్రశ్నలు అడగగలగడం.

సెలవు.